నానమ్మకు వాసన తెలియడం లేదు

ఆ రోజు మొదటి షిఫ్టు దిగి లక్డారంలో మా ఇంటికి వచ్చేసరికి వాకిట్లోనే ఘాటు వాసన తగిలింది. పట్టించుకోలేదు. గాలి ఇటు మళ్లితే చుట్టుపక్కల మందుల కంపెనీల వాసన రావడం మాకు మామూలే. తలుపు తీశాక అర్థమైంది. అది గ్యాసు.

వంటింట్లో నానమ్మ సర్వపిండి చేయబోతోంది. బియ్యప్పిండి ముద్దను గిన్నె లోపల పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె కూడా పోసింది. పొయ్యి మీట తిప్పి ఉంది, మంట లేదు. ఆమె చేతిలో అగ్గిపుల్ల.

"గీకకు!" అని అరుస్తూ వెళ్లి అగ్గిపెట్టె లాక్కున్నాను.

"ఏందే, గట్ల పరేషాన్ అయితున్నవ్? పుల్లలు మెత్తబడ్డయ్. ఎన్ని గీకినా అంటుకుంటలేవు."

లోపలి గదిలో నా కూతురు నిద్రపోతోంది. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, పిల్లను భుజాన వేసుకుని, నానమ్మను చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కొచ్చాను.

"నీకు వాసన రాలేదా?"

ఆమె తల వంచుకుంది. "మొన్న జరమొచ్చి పోయినప్పటి సంది ఏ వాసనా తెలుస్తలేదు బిడ్డా."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే పొయ్యి కాడికి రానిస్తవా?"

ఇన్నాళ్లూ ఆమె చిటపటలు విని, వేలితో తాకి వంట చేస్తూ వచ్చిందన్నమాట. మర్నాడు చూపిస్తే, వాసన తిరిగి వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు.

ఇప్పుడు పొయ్యి దగ్గర నేనుంటాను, ఆమె పక్కన పీట మీద కూర్చుంటుంది. సర్వపిండి ఎప్పుడు దించాలంటే నా చిన్నప్పటి నుంచీ ఆమె చెప్పింది ఒకటే, కమ్మటి వాసన వచ్చినప్పుడని. ఆ కమ్మదనం ఎలా ఉండాలో ఆమెకు తప్ప మాకెవరికీ తెలియదు.

"ఎట్లొస్తున్నది?" అని అడుగుతుంది.

"నువ్వులు వేగినట్టు."

"పల్లీలది రాలేదా? ఇంక జెర ఉండనియ్."

మొదటి రోజు తొలిది మాడింది. రెండోది కాస్త ఎర్రబడింది. నానమ్మ ముక్క విరిచి, కరకరమనే చప్పుడు విని, "గిదే" అంది. నా కూతురు ఇంకో ముక్క అందుకుంది.

అయినా భయం పోలేదు. బయల్దేరే ముందు రెగ్యులేటర్ ఊడదీసి పెడతాను. బస్టాపు దాకా వెళ్లి, నిజంగా తీశానా అని మళ్లీ వెనక్కి వస్తాను. షిఫ్టులో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వస్తే, ఎత్తగానే ముందు పొయ్యి సంగతే అడుగుతాను.