ఫిన్లాండ్ మేనేజరుకు స్వీడిష్‌లో నమస్కారం

కాలేజీలో నేను చదివింది బీకాం. మిగతా చదువంతా గ్రంథాలయాల్లో జరిగింది. ముందు తెనాలి శాఖా గ్రంథాలయంలో, తర్వాత సింగపూర్‌లో, ఆంగ్ మో కియో లైబ్రరీలో. ఈ మాట ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెబుతాను.

రెండు వేల సంవత్సరంలో, కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని అయిపోయి, సింగపూర్‌లోని మా ఆఫీసులో కాంట్రాక్టు ప్రోగ్రామర్లు ఒక్కొక్కరే ఖాళీ అవుతున్నారు. అప్పుడు టెలిఫోను బిల్లింగు పని ఒకటి వచ్చింది. స్వీడన్ కంపెనీ ఒకటి, ఫిన్లాండ్ కంపెనీ ఒకటి కలిసిపోయాయి. వాటి ప్రోగ్రాములను కూడా కలపాలి. దానికి ఒక్కరు చాలన్నారు. మిగిలింది ఇద్దరం. నేను, నా ఫ్లాట్‌లోనే పక్క గదిలో ఉండే వరంగల్ అతను. కాంట్రాక్టు పోతే ఆ దేశంలో ఉండి పనిచేయడానికిచ్చిన పాస్ కూడా పోతుంది. నెల తిరక్కుండా వేరే ఉద్యోగమైనా దొరకాలి, విమానమైనా ఎక్కాలి. ఎవరిని ఉంచాలో ఫిన్లాండ్ నుంచి వచ్చే మేనేజరు తేలుస్తుందని, ఆమెతో స్వీడన్ ఇంజనీరు ఒకాయన కూడా వస్తున్నాడని చెప్పారు.

నేను లైబ్రరీకి వెళ్లాను. నా కార్డు మీద ఇచ్చే పుస్తకాలు చాలక పక్క గదివాడి కార్డు మీద కూడా తెచ్చాను.

"ఏందన్నా, ఆమె ఇంటర్వ్యూ చేస్తదా, పెండ్లిసంబంధం చూడనీకి వస్తున్నదా? గిన్ని పుస్తకాలెందుకు?" అన్నాడు.

"ఎవరి దగ్గర పనిచేస్తామో వాళ్ల ఊరూ పేరూ తెలియొద్దా తమ్ముడూ?"

"అయితే నాకూ చెప్పు. నా కార్డే కదా."

కాదనలేకపోయాను. పొద్దున ట్రైనులో నిలబడి చెప్పేవాణ్ణి. ఫిన్లాండ్ ఆరు వందల ఏళ్లకు పైగా స్వీడన్ ఏలుబడిలో ఉందని, తర్వాత రష్యా చేతికి పోయిందని. యుద్ధకాలంలో వేలమంది ఫిన్లాండ్ పిల్లలను స్వీడన్ కుటుంబాలు తమ ఇళ్లలో ఉంచుకున్నాయని. ఇప్పటికీ ఫిన్లాండ్‌లో స్వీడిష్ రెండో అధికార భాష అని. పరుగు పందేల్లో, మంచు మీద ఆడే హాకీలో ఒకరి మీద ఒకరు గెలిస్తే తప్ప ఇద్దరికీ తృప్తి ఉండదని. అతను బుద్ధిగా వినేవాడు.

ఒక్కటి మాత్రం దాచాను. లైబ్రరీలో స్వీడిష్ నేర్పే క్యాసెట్టు దొరికింది. రెండు దేశాల్లోనూ చెల్లే భాష కాబట్టి ఒక్క భాషతో ఇద్దరూ మెచ్చుకుంటారని నా లెక్క. బాత్రూంలో కుళాయి తిప్పి, నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను.

వాళ్లు వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం నలుగురం భోజనానికి, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటరుకు వెళ్లాం. నేను ముందు నడిచి, అక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్లు పెట్టి బల్ల చోప్ చేశాను, అంటే మాకని ఆపిపెట్టాను. అందరూ భోజనం తెచ్చుకుని కూర్చోగానే మేనేజరు వైపు తిరిగి నా స్వీడిష్ అప్పగించాను. నమస్కారం, స్వాగతం, కలిసినందుకు సంతోషం, భోజనం నచ్చుతుందని ఆశ. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు.

ఆమె చెంచా కింద పెట్టి ఇంగ్లీషులో అంది. "బళ్లో ఆరేళ్లు ఈ భాష నుంచి తప్పించుకు తిరిగాను. సింగపూర్ వస్తే ఇక్కడ పట్టుకుంది."

ఇంజనీరు పడి పడి నవ్వాడు. పరిస్థితి సర్దుదామని హాకీ ఎత్తుకున్నాను. అయిదేళ్ల కిందట స్వీడన్ రాజధానిలోనే ఫిన్లాండ్ స్వీడన్ మీద గెలిచి ప్రపంచ విజేత అయింది, ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినది స్వీడన్ మనిషే కదా అన్నాను.

"మరే!" అన్నాడు ఇంజనీరు. "మేం గెలిస్తే పాడుకుందామని ముందే పాట కట్టించుకున్నాం. అదీ వీళ్లే పాడుకున్నారు."

"పనికొచ్చేవి తీసుకుంటాం," అంది ఆమె. "కోచ్‌ను తీసుకున్నాం, పాట తీసుకున్నాం. భాష మీ దగ్గరే ఉండనీ."

అప్పటిదాకా నూడుల్స్‌తో కుస్తీ పడుతున్న మావాడు తలెత్తాడు. "మేడమ్, నిన్న మీ ప్రోగ్రాములు చూశాను. మధ్యలో రాసుకున్న వివరణలు కొన్ని మీ భాషలో, కొన్ని ఈయన భాషలో ఉన్నట్టున్నాయి. రెండూ చదవగలిగినవాళ్లు మీలో ఉన్నారా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లేరు. ఆమె స్వీడిష్ బళ్లోనే ఆగిపోయింది, ఆయనకు ఫిన్నిష్ ముక్క రాదు. ఆమె సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

ఆ ప్రోగ్రాములు ముందు రోజు నేనూ చూశాను. ఏ వాక్యం ఏ భాషదో గుర్తుపట్టి సంతోషించాను. అంతకు మించి ఆలోచించలేదు.

శుక్రవారం అతన్ని ఉంచుకుంటున్నట్టు చెప్పింది. కారణం చెప్పలేదు. ఫిన్లాండ్ వాళ్లు అవసరానికి మించి మాట్లాడరని పుస్తకంలో చదివాను, అది నిజమే.

మూడు వారాల తర్వాత సింగపూర్‌లోనే, టాంపినీస్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో నాకు పని దొరికింది. అక్కడి ఇంటర్వ్యూలో యూరప్ గురించి ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రమే మావాడు చేతినిండా కాగితాలతో వచ్చాడు.

"అన్నా, తర్జుమాకు పంపాలె. ఏది ఎవరి భాషనో తెలుస్తలేదు. నువ్వు చెప్తవా?"

"నాకేం తెలుసు?"

"నీకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది? బాత్రూంల నమస్తేలు పెడుతుంటివి గదా దినాం."

"వినపడేదా?"

"కుళాయి కంటే నువ్వే గట్టిగ ఉంటివి. నాక్కూడ రెండు ముక్కలొచ్చినయి."

కాగితాలు తీసుకుని భోజనాల బల్ల మీద పరిచాను. గంటసేపు కూర్చుని స్వీడన్‌వి ఎడమ వైపు, ఫిన్లాండ్‌వి కుడి వైపు పెట్టాను. రెండు వైపులా రాసినదాని అర్థం నాకు తెలియదు. ఏది ఎవరిదో మాత్రం ఒక్కటీ తప్పలేదని తర్వాత అతను చెప్పాడు.