పెన్సిల్ సంతకం

పోయిన నెల కోయంబత్తూరులో మా మేనకోడలి ఇంట్లో, భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, పాత పోస్టర్లు కొనడానికి బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయన చేతులకు తొడుగులు వేసుకుని మా అన్న దాచుకున్న పోస్టర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ ఉంటే, నేను పక్కన కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాను. అన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, ఆ తరువాతా రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ మొద్దుబారినట్టు, లోపల ఏదో అలా మొద్దుబారిపోయి ఉంది.

అవి మా కాలంలో అమెరికాలో పాటకచేరీల కోసం గోడలకు అంటించిన కాగితాలు. నారింజ మీద నీలం, ఆకుపచ్చ మీద గులాబీ; అక్షరాలు వేడికి కరిగి కారుతున్నట్టు ఉంటాయి, నిలకడగా చూస్తే కళ్లముందు కదులుతాయి. అలాంటివి మదురైకి దక్షిణాన నల్లరేగడిలో పత్తి వేసుకునే మా ఇంటికి ఎలా వచ్చాయంటే, అన్న మదురైలో కేలండర్లు అచ్చువేసే ప్రెస్సులో రంగులు కలిపే పనిలో ఉండేవాడు. దేవుళ్ల పటాలతో కేలండర్లు వేయించుకునే బోడినాయకనూరు ఏలకుల వ్యాపారి ఒకరు, కొండదిగి వస్తూ తన జీపులో ఎక్కించుకున్న ఇద్దరు అమెరికా దొరపిల్లలను ఒకసారి ప్రెస్సుకు తీసుకువచ్చాడు. వాళ్లకేవో కాగితాలు అన్న ఊరికే అచ్చువేసి ఇచ్చినందుకు, వాళ్లు తమ సంచీలోంచి ఒక పోస్టర్ల చుట్ట తీసి ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆ పాటలు అన్న ఏనాడూ వినలేదు, వినాలని అడగనూ లేదు. ఆయనకు కావలసింది ఆ రంగులు. పక్కపక్కన పెట్టకూడదని తనకు నేర్పిన రంగులనే ఎవరో కావాలని పక్కపక్కన పెట్టి కాగితాన్ని వణికించారు గదా, ఆ మనిషి ఎవరు, ఎలా చేశాడు అనే చింత పట్టుకుంది. నేను అప్పుడు టైపు నేర్చుకుంటూ ఉన్నాను. ఆయన సగం తెలుగులో, సగం అరవంలో చెప్తూ ఉంటే నాకు వచ్చిన ఇంగ్లీషులో ఉత్తరాలు కొట్టేదాన్ని. ఆ దొరపిల్లలు రాసిచ్చిన చిరునామాలకు పోస్టర్‌ను అట్టగొట్టంలో పెట్టి పంపి, గీసినాయనను సంతకం చేసి పంపమని బతిమాలుకునేవాళ్లం. ఓడలో పోయి ఓడలో రావాలి. మీలో నా ఈడువాళ్లకు ఆ ఎదురుచూపు తెలుసు. కొన్ని పోయాయి. ఆరు మాత్రం సంతకాలతో తిరిగి వచ్చాయి.

ఏడవదిగా రావలసినదాన్ని పంపి, అది తిరిగి వచ్చేలోగా, అన్న కుడిచేయి ప్రెస్సు రోలర్ల మధ్య పడింది. రెండు వేళ్లు తీసేశారు. ఆసుపత్రిలో ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ తెచ్చిన గంజి ఆరిపోయేది. మాట్లాడితే నన్ను ఒకటే అడిగేవాడు.

“పోస్టు వచ్చిందా, పాపా?”

ఒకరోజు వచ్చింది. మడతపడకుండా వచ్చింది గాని సంతకం లేదు. గీసినాయన ఇకమీదట ఎవరికీ సంతకాలు చేయరని అచ్చువేసిన చీటీ ఒకటి ఉంది. ఆ చీటీ చించేశాను. పోస్టర్ మూలలో గీసినాయన పేరు బొమ్మలో భాగంగా అచ్చయి ఉంటుంది. దాన్ని చూసి టైపు కాగితాల వెనుక రెండు రోజులు రాసి రాసి, చేయి తిరిగాక, పోస్టర్ కింది అంచున పెన్సిల్‌తో పెట్టాను.

అన్న ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

“సూడు పాపా, పెన్సిల్‌తో పెట్టిండాడు. బొమ్మ సెడిపోకూడదని,” అన్నాడు.

ఆ పూట గంజి తాగాడు. తరువాత అదే ప్రెస్సులో ప్రూఫులు చూసే పనికి చేరాడు, పెళ్లి చేసుకున్నాడు, కూతురు పుట్టింది. ఆరింటినీ గొట్టాలలో ఉంచి, ఆ ఏడవదానికి మాత్రం చట్రం కట్టించి, ఏ ఇల్లు మారినా మంచం ఎదుట గోడకు తగిలించుకున్నాడు. నేను చెప్పలేదు. చెప్పడానికి తగిన రోజు ఒకటి వస్తుందనుకుంటూ ముసలిదాన్నయ్యాను.

బెంగుళూరు ఆయన భూతద్దంతో చూసి, సంతకం లేనిదానికీ ఉన్నదానికీ ధరలో ఎంత తేడా ఉంటుందో, గుండుసూది చిల్లు ఎంత తగ్గిస్తుందో చెప్తూ వచ్చి, చివరికి చట్రంలో ఉన్నదాన్ని ముందుకు జరిపాడు. ఈ చిత్రకారుడి సంతకం దొరకడమే అరుదు, మిగతా ఆరూ కలిపినా దీనికి సాటిరావు అన్నాడు. మేనకోడలి ముఖం వెలిగింది. అవినాశిలో వాళ్ల బనియన్ల యూనిటుకు ఆర్డర్లు తగ్గి ఏడాదయింది.

“ఆ సంతకం నాది,” అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. జరిగినదంతా ఒక వరుసలో చెప్పాను. నా గొంతు నాకే రేషన్ కార్డు చదువుతున్నట్టు వినిపించింది. ఆయన నొచ్చుకోలేదు, దాన్ని పక్కకు పెట్టి, ఆరింటికి ధర చెప్పి, తీసుకుని వెళ్లిపోయాడు.

“ఇన్నేండ్లు సెప్పకుండా ఉంటివే, ఇంకొక గంట ఉండకూడదా, అత్తా?” అంది మేనకోడలు.

నిజం చెప్తే గుండె తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. వారం రోజులు ఆ పిల్ల ఫోను చేయలేదు. ఎనిమిదో రోజు తనే వచ్చి, ఆ చట్రం నా ఒడిలో పెట్టి, కాఫీ తాగి, తన తండ్రి గురించి ఒక్క మాటా ఎత్తకుండా వెళ్లిపోయింది. కోపమో, క్షమించడమో నాకు తెలియలేదు.

ఈ మధ్య మదురై వెళ్లినప్పుడు చూశాను, ప్రెస్సు ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఇప్పుడు కొరియరు కుర్రవాడికి గాజుపలక మీద వేలితో గీస్తే సంతకం అయిపోతుంది. గీసింది నేనేనా అని ఎవరూ చూడరు. పార్సెలు ఎక్కడున్నదీ గంటగంటకూ ఫోను చెప్తుంది. అంతా నిజమే వస్తుంది, త్వరగా వస్తుంది. వస్తుందా రాదా అని గోడవైపు తిరిగి పడుకుని నన్ను అడిగే మనిషే లేడు. ఇంకొకసారి అబద్ధమాడి బతికించుకుందామన్నా, నాకు ఎవరూ మిగల్లేదు.