ఓడ ఒరగకుండా కాచిన రోజు

బడిలో భూగోళం పాఠం మొదలైతే నేను గోడ దూకేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో దూకినవాణ్ణి మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఆ పాఠానికి నా మీద పగ ఉండిపోయినట్టుంది. యాభయ్యో ఏట వెతికి పట్టుకుని, స్వెట్టరు తొడిగి, అలాస్కాలో ఓడెక్కించింది.

నిజానికి ఎక్కించింది చేపల మేత కంపెనీవాళ్ళు. నేను కొల్లేరు సరస్సు నడుమ కొల్లేటికోటలో పుట్టి, గుండుగొలనులో మేత బస్తాల కొట్టు నడుపుకుంటున్నాను. మేత బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా విదేశయాత్రకు తీసుకెళ్తామన్నారు. బ్యాంకాక్ అనుకుని తల ఊపాను. తీరా చూస్తే మంచు దేశం. నేను రానన్నాను. మా ఆవిడ మాత్రం వెళ్దామని పట్టుబట్టింది.

ఆవిడ పెళ్ళికి ముందూ తర్వాతా చాలా ఏళ్ళు చేపల ప్యాకింగులో పనిచేసింది. ఐసు ఫ్యాక్టరీ దిమ్మలను మరలో వేసి నలగ్గొట్టడం, పెట్టెలో ఒక వరస చేప, ఒక వరస ఐసు సర్దడం. ఆ వేళ్ళ కొసలు ఇప్పటికీ మొద్దుబారే ఉంటాయి.

"ఏవండీ, మనుషులు చేసిన ఐసు చాలా చూశాను. ఎవరూ చెయ్యకుండా దానంతటదే కొండై కూర్చున్న ఐసు ఒక్కసారి చూస్తాను. ఇంకేం అడగను," అంది.

ఇంకేం అడగననే మాటకు భయమేసి ఒప్పుకున్నాను.

స్వెట్టర్ల కోసం తాడేపల్లిగూడెం వెళ్ళాం. అది మే నెల. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరికండీ, జ్వరమా?" అన్నాడు. ఓడెక్కడానికి అన్నాను. జాలిపడి రెండు మంకీ క్యాపులు ఊరికే ఇచ్చాడు.

విమానాలు మారి మారి అలాస్కా రేవులో దిగగానే మా పెట్టెలు ఎవరో పట్టుకుపోయారు. పాస్‌పోర్టు చూశారు, ఫొటో తీశారు, మెడకు ఒక కార్డు తగిలించారు. ఏదో వంతెన లాంటి సందులోంచి నడిపించి, తివాచీలూ లిఫ్టులూ ఉన్న హోటల్లో కూర్చోబెట్టారు. ఒకాయన పియానో వాయిస్తున్నాడు. అరగంట ఓపిక పట్టి, మా బృందాన్ని తీసుకొచ్చిన టూరు మేనేజరు గారిని అడిగాను.

"ఏవండీ, ఓడ ఎన్నింటికి వస్తుందండీ?"

ఆయన నడివయసు మనిషి, మర్యాదస్తుడు. నవ్వు ఆపుకుంటూ, "మీరు కూర్చున్నది ఓడలోనేనండీ," అన్నారు.

నేను కాళ్ళకింద చూసుకున్నాను. తివాచీ ఉంది. నీళ్ళు లేవు. కొల్లేరులో పుట్టినవాడికి నీళ్ళమీద ఉన్నానో నేలమీద ఉన్నానో తెలియకపోవడం ఏమిటి?

ఇంకా కదలకముందే అందరినీ ఒకచోట చేర్చి, ఓడ మునిగితే ఏం చెయ్యాలో నేర్పారు. పెళ్ళిచూపుల్లో విడాకుల కాగితం చూపించినట్టనిపించింది. ఆ భయం అప్పుడు మనసులో పడింది.

రెండో రోజంతా దారులు వెతుక్కోవడంతోనే గడిచింది. ఎటు చూసినా ఒకే వరండా, ఒకే రంగు తలుపులు. మూడుసార్లు పక్కవాళ్ళ తలుపుకి మా గది తాళం తెరిచే కార్డు రుద్దాను. గుర్తు కోసం మా ఆవిడ గడియకు తన రిబ్బను కట్టింది. గది ఊడ్చేవాళ్ళు దాన్ని విప్పి, చక్కగా మడిచి దిండుమీద పెట్టారు. రాత్రి భోజనం చేసి బయటికొస్తే ఇంకా ఎండే. మళ్ళీ టిఫిను తినాలేమోనని సందేహం వచ్చింది. మా ఆవిడకు ఇవేమీ పట్టలేదు. కనిపించిన ప్రతివారినీ, "మంచుకొండ ఎప్పుడండీ?" అని తెలుగులోనే అడిగేది. వాళ్ళు నవ్వి వెళ్ళిపోయేవారు.

మూడో రోజు పొద్దున్న మేనేజరు గారు తలుపు కొట్టి, "మంచుకొండ వస్తోందండీ, పైకి రండి, ఎడమవైపు," అని చెప్పి వెళ్ళారు. డెక్కు మీదికి వెళ్ళేసరికి ఓడలో జనమంతా ఎడమవైపుకి పరుగెత్తుతున్నారు. వందలమంది, అందులోనూ మంచి ఒళ్ళున్నవాళ్ళు.

నా కాళ్ళు వాటంతటవే కుడివైపుకి కదిలాయి. తాటిమాను తొలిచిన దోనెలో పెరిగినవాళ్ళం ఇది ఆలోచించి చెయ్యం. దోనెలో ఒకడు నీళ్ళలో చేపను చూడ్డానికి ఎడమకి వంగితే, రెండోవాడు చెప్పకుండానే కుడికి వంగాలి. ఇద్దరూ ఒకేవైపు వంగితే ఇక చేపలే మనల్ని చూస్తాయి.

"ఇటు రావే! అందరూ అటే పోతున్నారు, ఒరిగిపోతుంది!" అని మా ఆవిడ చెయ్యి పట్టి లాగాను. ఆవిడదీ కొల్లేరే. దోనెలో గెడ వేసి నడిపేవాడి మాటకు ఎదురు చెప్పి ఎరగదు. వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం వీలైనంత బరువుగా కూర్చున్నాం.

మా ముందు బూడిదరంగు నీళ్ళు, ఖాళీ కుర్చీలు. వెనకనుంచి ఒక్కసారిగా ఉరుము లాంటి చప్పుడు, జనం కేకలు.

"ఏవండీ, అదేనా?" అంది. మెడ వెనక్కి తిప్పింది.

ఆవిడ చెయ్యి వదిలితే ఓడ ఏమవుతుందో తెలియదు. పట్టుకుంటే ఆవిడ అడిగిన ఒకే ఒక్కటి పోతుంది. ఏం చెయ్యాలో తోచక చెయ్యి అలాగే పట్టుకున్నాను.

ఇంతలో మేనేజరు గారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. "ఇక్కడేం చేస్తున్నారండీ?"

"బరువు సరిచేస్తున్నామండీ."

"ఇది ఒరగదండీ బాబూ! ఆ చప్పుడు కొండమంచు విరిగి నీళ్ళలో పడ్డది. కాసేపట్లో ఓడే మెల్లగా తిరుగుతుంది. ఇటువైపు వాళ్ళకీ కనిపిస్తుంది, కదలకండి."

చెప్పినట్టే ఓడ తిరిగింది. కొండ అంచు మావైపు రావడం మొదలైంది. దాంతోపాటు జనం కూడా వచ్చారు, అందరూ ఒక్కసారే. నా కాళ్ళు మళ్ళీ కదిలాయి.

"లే, లే, ఇప్పుడు అటు పద!"

మా ఆవిడ రెండు చేతులతో ఓడ అంచు కమ్మీ పట్టుకుంది. "మునిగితే మునగనివ్వండి. నేను చూసే మునుగుతాను."

పాతికేళ్ళ కాపురంలో నా మాట ఆవిడ కాదనడం నీళ్ళమీద అదే మొదటిసారి. నేనొక్కణ్ణే ఎడమవైపుకి పరుగెత్తాను. అక్కడ దుప్పట్లు మడతపెడుతున్న పనాయన, నేను. ఉరుము ఇంకోసారి వినపడింది. ఓడ కదల్లేదు. నా వల్ల కదల్లేదో, ఎలాగూ కదలదో నాకు అర్థం కాలేదు. తిరిగి వచ్చేసరికి పొగమంచు దిగి అంతా మూసుకుపోయింది.

మా ఆవిడ మంకీ క్యాపు తీసేసి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి.

"తెల్లగా లేదండీ. నీలంగా ఉంది. బకెట్లో నీలిమందు ఒలికినట్టు."

"ఎంతుంది?"

"చెప్పను. కదలకండి అంటే ఉన్నారా?"

అది కోపమో, సంతోషమో ఆ రోజంతా ఆవిడ ముఖం చూసినా తేల్చుకోలేకపోయాను.

ఊరికి వచ్చాక కొట్లో మేత కోసం వచ్చిన చెరువుల రైతులకు ఈ కథ చెప్పాను. నేను చెబితే కొంచెం పెరుగుతుంది కదా, అంత పెద్ద ఓడను రెండుసార్లు నేనే నిలబెట్టానన్నాను. ఒక పెద్దాయన మా ఆవిడవైపు తిరిగి, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

ఆవిడ బిల్లు పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నిజమేనండీ బాబాయిగారూ. అన్ని వందలమంది ఒకవైపు, ఈయన గొప్పలు ఒకవైపు. సరిగ్గా తూగింది."