ఎర్రచుక్క పెట్టిన స్క్రూ

పాత మోటారుసైకిళ్ళు ఉన్నవాళ్ళందరూ మేస్త్రి అని పిలిచే ఆ మనిషికి ఒక పద్ధతి ఉండేది. చల్లారిన ఇంజనును ఆయన ముట్టుకునేవాడు కాదు. "పడుకున్నవాణ్ణి లేపి నాడి చూస్తే ఏం తెలుస్తుందండీ?" అంటూ బండిని వీధి చివరిదాకా తిప్పి తెచ్చి, అది బాగా వేడెక్కాకనే కార్బొరేటర్ పక్కన మోకాలు ఆనించేవాడు. యాక్సిలరేటరు పిడి పూర్తిగా వదిలేసినా ఇంజను ఆగిపోకుండా నెమ్మదిగా కొట్టుకుంటూ ఉండాలంటే అక్కడ ఒక చిన్న స్క్రూ కుదరాలి. ఎక్కువ బిగిస్తే బండి నిలబడ్డ చోటే అరుస్తుంది. వదులు చేస్తే నోరు మూసుకుంటుంది. ఆ రెంటి నడుమ ఉన్న వెంట్రుకవాసి చోటును మేస్త్రి కళ్ళు మూసుకుని చెవితో వెతికేవాడు.

కుదిరాక, కొత్తవాళ్ళ బండి అయితే, గోళ్ళకు వేసుకునే ఎర్రరంగు ఒక చుక్క అద్దేవాడు: సగం స్క్రూ తల మీద, సగం దాని పక్క లోహం మీద. ఇంటికెళ్ళి ఎవరైనా స్క్రూ తిప్పి, "మేస్త్రి పాడుచేశాడు" అంటే, రెండు ముక్కలైన ఆ చుక్కే సాక్ష్యం చెబుతుంది. తెలిసినవాళ్ళ బండికి మాత్రం చుక్క పెట్టేవాడు కాదు. నమ్మిన మనిషికి కాపలా పెట్టడం ఆయన దృష్టిలో తిట్టుతో సమానం.

లిఫ్టాయన బండికి అందుకే చుక్క లేదు.

లిఫ్టాయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఇల్లు ఒక్క గది. భార్య పోయాక ఆ గదిలో ఆయన, మంచం, గోడ గడియారం మిగిలాయి. మేస్త్రి ఇల్లూ అంతే, గడియారం కూడా లేదు. ఇద్దరూ ఈ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి వాళ్ళకు బండి ఉండేది.

ప్రతి ఆదివారం లిఫ్టాయన తన ముసలి మోటారుసైకిలును తోసుకుంటూ వచ్చేవాడు.

"నిలబెడితే ఆగిపోతోంది మేస్త్రీ."

"పోయిన వారమే కదండీ చూశాను!"

"చూశారు. మీరు చూస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఇంటికెళ్ళాక గ్రౌండు ఫ్లోరు వచ్చిందనుకుంటుందో ఏమో, దిగిపోతుంది."

తలకిందులు చేసిన ఆయిలు డబ్బా మీద గుడ్డ పరుచుకుని కూర్చునేవాడాయన. మేస్త్రి కార్బొరేటర్ విప్పి, అడుగున గిన్నెలో చెత్త చేరిందేమోనని చూసేవాడు. పెట్రోలు పారే సన్నటి జెట్టును వెలుగుకు ఎత్తిపట్టి, నోటితో ఊదేవాడు. ఇంజనుకూ కార్బొరేటరుకూ నడుమ ఎక్కడైనా దొంగగాలి పీలుస్తోందేమోనని అతుకుల చుట్టూ సబ్బునీళ్ళు రాసేవాడు. యాక్సిలరేటరు తీగ బిగువు చూసేవాడు. అన్నీ సవ్యంగానే ఉండేవి.

"నా ఉద్యోగం చూడండి," అనేవాడు లిఫ్టాయన, "ఎంత పైకెళ్ళినా సాయంత్రానికి కిందికి దిగాల్సిందే. ప్రమోషను అన్నది నా శరీరానికి పడలేదు."

"మాటలు తర్వాత, ఆ టార్చి ఇలా పట్టండి."

"పట్టాను. ఏ అంతస్తుకి వెళ్ళాలి?"

మేస్త్రి నవ్వేవాడు కాదు. మీసం మాత్రం కదిలేది. శనివారం సాయంత్రమే ఆ ఆయిలు డబ్బాను ఎందుకు తుడిచి పెడుతున్నాడో ఆయన తనను తాను అడగలేదు.

ఎదురు వరుసలో మేస్త్రి మేనల్లుడి దుకాణం. కార్బొరేటరే లేని కొత్త బండ్లకు కంప్యూటరు తగిలించి రోగం చెప్పే దుకాణమది. అక్కడ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. ఒక ఆదివారం లిఫ్టాయన వెళ్ళాక మేనల్లుడు రోడ్డు దాటి వచ్చాడు.

"మావయ్యా, ఒక్క బండిని ఎన్నాళ్ళు కుదురుస్తావు? మా దగ్గరికొచ్చే వాళ్ళు అడుగుతున్నారు, మీ మావయ్యకి చెవులు పోయాయా అని."

"నీ చెవులు మెలిపెట్టింది నేనేరా. అప్పుడు బాగానే పనిచేశాయి నా చేతులు."

జవాబైతే చెప్పాడు గానీ ఆ మాట ఆయనను ముల్లులా పట్టుకుంది. మరుసటి ఆదివారం, లిఫ్టాయన కుండలోంచి నీళ్ళు ముంచుకుంటూ అటు తిరిగిన క్షణంలో, మేస్త్రి గోళ్ళరంగు సీసా మూత తీశాడు.

ఆ తర్వాతి వారం బండి వచ్చింది. నిలబెడితే ఆగిపోతోంది. మేస్త్రి వంగి చూశాడు. ఎర్రచుక్క నిట్టనిలువునా చీలి, ఒక సగం ఇటు, ఒక సగం అటు.

పట్టరాని సంతోషం కలిగిందాయనకు. తన చెవి తప్పు చేయలేదు. ఆ ఉత్సాహంలో ఎదుటి మనిషి ముఖం చూడటం మరిచిపోయాడు.

"ఒరేయ్, ఇటు రారా!" అని మేనల్లుణ్ణి కేకేశాడు. మేనల్లుడితోపాటు అక్కడి నలుగురూ వచ్చారు. "చూడండి. దొంగ దొరికాడు. జెట్టు కాదు, గాలి కాదు. ఎవరో స్క్రూ తిప్పారు."

లిఫ్టాయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకు ఏమీ అంటలేదు. "తుడుస్తుంటే చెయ్యి తగిలిందేమో," అన్నాడు.

"చెయ్యి తగిలితే స్క్రూ తిరగదండీ. స్క్రూడ్రైవరు తగలాలి."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మేస్త్రి నవ్వాడు. స్క్రూ కుదిర్చి, కొత్త చుక్క అద్ది, "ఇక దీన్ని తాకకండి. మళ్ళీ రావాల్సిన అవసరమే ఉండదు," అన్నాడు.

లిఫ్టాయన తల ఊపి, బండెక్కి వెళ్ళిపోయాడు. ఇంజను గడియారంలా కొట్టుకుంటూ మలుపు తిరిగింది.

తరువాతి ఆదివారం ఆయన రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. మేస్త్రి ఉన్న పానాలనే మళ్ళీ సైజుల వారీగా సర్దాడు. తన సొంత బండిని స్టార్టు చేసి వింటూ కూర్చున్నాడు. అది అద్భుతంగా కొట్టుకుంటోంది. "విన్నారా?" అని పక్కకు తిరిగాడు. పక్కన ఆయిలు డబ్బా ఉంది.

"గెలిచావు కదా మావయ్యా, ఇంకా ముఖం అలా పెట్టుకున్నావేం?" అన్నాడు మేనల్లుడు.

అప్పుడు తెలిసింది ఆయనకు, తాను ఏ కేసు గెలిచాడో. మనిషి మరో మనిషి గుమ్మంలో ఊరికే కూర్చుంటానంటే ఈ లోకం ఒప్పుకోదు. ఏదో ఒకటి చెడిందని చూపించాలి. ఆసుపత్రిలో రోగం చూపిస్తాం, ఆఫీసులో అర్జీ చూపిస్తాం. లిఫ్టాయన దగ్గర చూపించడానికి ఒక్క స్క్రూ ఉండేది. దానిని తాను రుజువులతో సహా లాక్కున్నాడు. క్షమించమని అడగాలంటే, ఎందుకు తిప్పారో నాకు తెలుసని ముందు చెప్పాలి. ఆ మాట అంటే ఆ మనిషి ఇంకోసారి తల ఎత్తలేడు.

ఒక సాయంత్రం ఆయన దుకాణం ముందుగానే మూసి, అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాడు. మెట్ల కింద బండి ఉంది. సీటు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. వంగి చూశాడు. ఎర్రచుక్క చెక్కుచెదరలేదు.

తలుపు తీసిన లిఫ్టాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "మేస్త్రీ, నేను దాన్ని తాకలేదు," అన్నాడు. బోనులో నిలబడ్డ మనిషి గొంతు అది.

మేస్త్రి సీటు మీది దుమ్మును వేలితో చూపించాడు. "నడపడం లేదా?"

"ఎక్కడికి?"

లిఫ్టాయన బండి దగ్గరికి వచ్చాడు. మేస్త్రి గొంతుక్కూర్చుని, బొటనవేలి గోటితో ఆ చుక్కను గీకాడు. అది పొలుసులా లేచి రాలిపోయింది. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, తన జీవితంలో మొదటిసారి, కుదిరిన స్క్రూను వదులు చేశాడు.

"ఆ రోజు నేను సరిగ్గా చూడలేదండీ," అన్నాడు నేలవైపు చూస్తూ. "తిప్పింది ఎవరూ కాదు. ఇంజను అదురుకి అదే తిరుగుతోంది. దీనికి వారం వారం చూపు అవసరం. స్టార్టు చేయండి."

లిఫ్టాయన కిక్కు కొట్టాడు. ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

ఎవరూ నవ్వలేదు. మెట్ల మీద పైనెవరిదో తలుపు మూసుకుంది. మేస్త్రి వచ్చిన దారినే ఒంటరిగా నడిచి వెళ్ళాడు. ఆదివారం అన్న మాట కూడా ఆయన నోటివెంట రాలేదు.

అయినా శనివారం ఆయిలు డబ్బా తుడిచాడు. ఆదివారం పొద్దెక్కింది. మేనల్లుడి దుకాణం ముందు నలుగురూ చేరారు. మేస్త్రి ఏ పనీ లేక ఒక పానాను మాటిమాటికీ తుడుస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం అవుతుండగా, మలుపు దగ్గర ఒక ఇంజను చప్పుడు వినిపించి, ఆగిపోయింది. కిక్కు. మళ్ళీ చప్పుడు. మళ్ళీ ఆగిపోయింది.

తన చెవిన పడ్డ చప్పుళ్ళన్నింటిలోకీ ఇంత వికారంగా చెడినది మరొకటి లేదు. మేస్త్రి లేవలేదు. పానా పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"మేస్త్రీ," అంది గుమ్మంలో గొంతు, ఆయాసపడుతూ. "గ్రౌండు ఫ్లోరులోనే ఉండిపోయిందండీ."