రోడ్డు పక్కన కట్టిన మంద

సుంకప్పకు ఒళ్ళు మండని రోజంటూ లేదు. పొద్దున లేస్తే వీధి కొళాయి కట్టేయకుండా పోయినవాళ్ళ మీద మంట. మధ్యాహ్నం వేరుశనగ పొట్టు కుప్పకు అగ్గి పెట్టినవాళ్ళ మీద మంట. సాయంత్రమైతే రాయదుర్గం బస్సు మీద మంట. ఆ బస్సు దిగినవాళ్ళు పకోడీలు తిని ప్లాస్టిక్ కవర్లు దారిలో పారేస్తారు, ఉప్పు తగిలి గొర్రెలు వాటిని మింగుతాయి. అట్లా చచ్చిన ఒక గొర్రె కడుపులోంచి తీసిన కవర్ల ముద్దను ఆయన ఊరి రచ్చకట్ట మీద పెట్టి, "మీరు పెట్టిన మేతే, చూసుకోండి" అని వారం రోజులు ఎవరినీ తీయనివ్వలేదు. ఊరివాళ్ళు ముక్కు మూసుకుని పక్కనుంచి నడిచిపోయారు. కవర్లు పారేయడం మాత్రం మానలేదు.

ఆ ఊరు బోడిగుట్టపల్లె. గుమ్మఘట్ట దాటి కర్ణాటక వైపు పోతే వస్తుంది. సుంకప్పకు అక్కడ ఎనభై గొర్రెల మంద, అరిగిపోయిన రెండు మోకాళ్ళు, రామాంజినమ్మ అనే ఓపికగల భార్య ఉండేవారు. భూమి లేదు. ఆ లోటు ఆయనకు ఎప్పుడూ తెలియలేదు, ఎందుకంటే ఒకప్పుడు ఊళ్ళో ప్రతి చేనూ ఏడాదికి పది రాత్రులు ఆయనదే.

పంట కోసి ఖాళీగా ఉన్న చేలో రాత్రిపూట గొర్రెలను నిలపడాన్ని మంద కట్టడం అంటారు. నాలుగు కర్రలు పాతి చుట్టూ వల బిగిస్తే అది రొప్పం. తెల్లారేసరికి ఆ రొప్పం కింది నేలకు పెంట, ఉచ్చ పట్టి ఏడాదికి సరిపడా బలం వస్తుంది. అయితే ఒక రాత్రి నిలిపిన చోట రెండో రాత్రి నిలపకూడదు. వల పీకి పక్కకు జరపాలి. అట్లా జరుపుకుంటూ పోతే చేనంతా సమానంగా పండుతుంది. రైతు కాపరికి పూటపూటా అన్నం తెచ్చి పెడతాడు, పంట వచ్చాక కొర్రలో జొన్నలో కొలిచి పోస్తాడు. సుంకప్ప తాత చేసిన పని అది, నాయన చేసిన పని అది.

తర్వాత ఎరువుల బస్తాలొచ్చాయి. చల్లితే ఒక్క పూటలో అయిపోతుంది, కాపరికి అన్నం మొయ్యక్కర్లేదు, గొర్రెల వాసన భరించక్కర్లేదు. ఎనిమిదేళ్ళుగా సుంకప్పను ఏ రైతూ పిలవలేదు. "మన్ను చచ్చిపోతాండాదప్పా, పిడికెడు తీసి చూడండి, ఇటుకపొడి మాదిరి ఉండాది" అని ఆయన కనిపించినవాడికల్లా చెప్పేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చెప్పేకొద్దీ ఆయన గొంతు పెరిగింది, వినేవాళ్ళు తగ్గారు.

వరసగా మూడేళ్ళు వానలు ఎగ్గొట్టాక, రెండువేల నాలుగు ఎండాకాలంలో, కొడుకు గిరి తండ్రి ముందు కూర్చున్నాడు. గిరి, వాడి భార్య సరళ రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తారు.

"నాయనా, ఈ మందను ఎవురి కోసం మేపుతాండావు?" అన్నాడు గిరి. "నీ మోకాళ్ళు లేయనంటాండాయి. మేమిద్దరం పొద్దున పోతే చీకటి పడినాక వస్తాండాము. మేపేదానికి మనిషి లేడు, చేన్లోకి పిలిచే రైతూ లేడు."

"పిలుస్తారు."

"ఎనిమిదేండ్ల నుంచి ఇదే మాట చెప్తాండావు."

సుంకప్పకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. "ఈ ఒక్క ఏడు చూడరా. ఒక్క రైతు పిలిచి, ఆ చేను బాగుపడితే, ఊరే చూసి నేర్చుకుంటాది. అట్ల కాకపోతే దసరాకు నువ్వే లారీ పిలిపించు. నేను అడ్డం రాను" అన్నాడు. లోపల రొట్టె కాలుస్తున్న రామాంజినమ్మ చేయి ఆగిపోయింది. మొగుడు అంత మాట ఎప్పుడూ ఇచ్చి ఎరగదు ఆమె.

పందొమ్మిది రోజులకు తిమ్మప్ప వచ్చాడు. ఇరవై ఎకరాల ఆసామి, తారురోడ్డును ఆనుకుని ఎర్రనేల ఉంది. మూడేళ్ళుగా బస్తాల మీద బస్తాలు పోసినా విత్తనం కూడా చేతికి రాలేదు.

"ఏమప్పా సుంకప్పా, నీ మంద మా చేన్లో కట్టల్ల."

సుంకప్ప సంతోషం ముఖం మీద కనపడనీయలేదు. షరతులు చెప్పాడు. రొప్పం రోజూ జరపాలి. మంద లేచిన ఒకటి రెండు రోజుల్లోనే మడక తోలి పెంటను మన్నులో కలపాలి, లేకుంటే ఎండకు సారం పోతుంది. ఉత్త వేరుశనగే కాకుండా నడుమ నడుమ కంది సాళ్ళు, కొర్ర సాళ్ళు వెయ్యాలి, ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. అన్నిటికీ తిమ్మప్ప తల ఊపాడు. తల ఊపడానికి తిమ్మప్ప పెట్టింది పేరు.

మొదటి రాత్రి రొప్పం రోడ్డు పక్క మూలన పడింది. రెండో రోజు సుంకప్ప కర్రలు పీకబోతే తిమ్మప్ప వచ్చి చేయి పట్టుకున్నాడు.

"ఉండనీ అన్నా. ఈడైతే బస్సులో పోయేవాళ్ళకు కనపడతాది. తిమ్మప్ప మంద కట్టించినాడని నాలుగూళ్ళకు తెలవల్ల గదా."

మంద కట్టించడం ఒకప్పుడు పెద్దిళ్ళ గొప్ప అన్నది నిజమే. ఆ గొప్ప ఇట్లా తిరిగొస్తుందని మాత్రం ఆయన అనుకోలేదు.

"పెంట చేనికా తిమ్మప్పన్నా, బస్సుకా?"

"రెండు దినాలు ఉండనీ, మా బీగులు ఈ దోవనే పెండ్లికి పోతాండారు. వాళ్ళు చూసినాక జరుపుదువులే."

వియ్యంకులు పోయారు. తర్వాత మండలం నుంచి ఎవరో వస్తారన్నాడు. పదకొండు రాత్రులు మంద ఆ మూలనే నిలిచింది. సుంకప్ప రోజూ పొద్దున అరిచాడు, రోజూ సాయంత్రం అరిచాడు. మధ్యలో అన్నం గంప నెత్తిన పెట్టుకుని వచ్చే తిమ్మప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ ముందు కూడా అరిచాడు. ఆమె గంప దించి, సంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి వడ్డించి, ఒక్క మాటా అనకుండా ఆయన తినేదాకా కూర్చునేది.

పన్నెండో రోజు ఆయన వల చుట్ట చుట్టేశాడు. "ఇంగ చాలు. పొద్దున్నే మడకన్నా తోలు" అన్నాడు తిమ్మప్పతో.

"ఏరువాక పున్నమికి ముందే మడక కడతారా ఎవురన్నా? మంచీ చెడ్డా చూడల్ల గదప్పా."

ఏరువాక పున్నమికి ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఆ నెలలో మా మెట్ట మీద వీచే గాలి సంగతి తెలిసినవాళ్ళకు మిగతాది చెప్పనవసరం లేదు. పెంటికలు ఎండి, తేలికపడి, రోడ్డు దాటి ఎవరి చేలోకో పోయాయి. మూల మీద అట్ట కట్టిన పొర మాత్రం కదలకుండా ఉంది.

ఆ పన్నెండో రోజే, మంద తోలుకుపోతుంటే సుబ్బలక్ష్మమ్మ ఎదురొచ్చింది. "సుంకప్పన్నా, గుట్ట ఎనక నా రెండెకరాలు ఉండాది గదా, మా పుట్టింటోళ్ళు ఇచ్చినది. ఆడ కట్టు. ఎట్ల కట్టల్లనో నీ ఇష్టం."

గుట్ట వెనక చేను ఏ బస్సుకూ కనపడదు. అక్కడ తొమ్మిది రాత్రులు కట్టాడు, తొమ్మిదిసార్లు రొప్పం జరిపాడు. కానీ నోరు ఊరుకోలేదు. "నువ్వూ పున్నమికే దున్నుతావులేమ్మా. మీ ఇంట్లో ఒకరికి చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే" అన్నాడు. ఆమె ఏదో బదులు చెప్పింది. ఆయన అప్పటికే గొర్రెలను అదిలిస్తూ ముందుకు పోయాడు. మర్నాడే మందతో మేత కోసం సరిహద్దు దాటి పడమరకు వెళ్ళాడు.

వినాయక చవితికి తిరిగొచ్చేసరికి ఊళ్ళో ఆయన పరువు పోయి ఉంది. తిమ్మప్ప చేలో రోడ్డు పక్క మూలన వేరుశనగ మోకాలెత్తు పెరిగింది. పదకొండు రాత్రుల పెంట ఒక్కచోటే పడి బలమంతా ఆకుకే పోయింది, పీకి చూస్తే చెట్టుకు రెండు కాయలు. మిగతా చేను శ్రావణంలో వాన లేని ముప్పై రోజులకు వాడిపోయి నేలకు కరుచుకుంది. తిమ్మప్ప ఆ పచ్చటి చెట్టును టీ అంగట్లో వేలాడదీసి, వచ్చినవాడికల్లా చూపిస్తున్నాడు. "సుంకప్ప మాట విన్నందుకు ఇదీ ఫలం. ఆకు గొర్రెలకు, కాయ మనకు లేదు. పెంటలో ఏం రోగముండాదో ఏమో."

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. సుంకప్ప అంగట్లోకి పోయి అరవాలనుకున్నాడు, పోలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అరవడానికి కూడా విసుగేసింది. ఇంటికొచ్చి తలగుడ్డ విసిరి, "ఈ ఊరికి మంచి చెప్పేవాడు గాడిదతో సమానం" అని పడుకున్నాడు.

రెండు రోజులకు సుబ్బలక్ష్మమ్మ కూలి మనిషితో కబురంపింది, ఒకసారి గుట్ట వెనక్కి వచ్చి పొమ్మని. "ఆ ఇంట్లో ఒకరు తిట్టింది చాలదా, రెండోవాళ్ళ కాడికి పోవల్లనా?" అన్నాడు. వెళ్ళలేదు.

మరో వారానికి ఆమె బోరింగు దగ్గర ఎదురుపడింది. ఆయన ఆమె బిందెకు బోరింగు కొడుతుంటే, "సుంకప్పన్నా, ఆ రెండెకరాల్లో..." అంది.

"తెలుసమ్మా. ఆకు ఉండాది, కాయ లేదు. అంతే గదా?"

"అట్ల కాదు, నువ్వొకతూరి వచ్చి..."

"నేనేం చూసేది? మీ ఇంటాయన ఊరంతకీ చూపించినాడు గదా, తోరణం కట్టి. జరపమన్యా, జరపనియ్యలేదు. దున్నమన్యా, దున్నలేదు. చెప్పేది చెప్పేదే, మీరు చేసేది చేసేదే. నా నోరు నొస్తాది గానీ మీ చెవులు నొయ్యవు."

అట్లా మొదలైంది. కవర్ల దగ్గరికి పోయింది, కొళాయి దగ్గరికి పోయింది, ఎనిమిదేళ్ళ కిందటి సంగతులకు పోయింది. ఆమె మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూసుకుంది. బిందె నిండి పొర్లుతున్నా, నీళ్ళు వృథా చేస్తే ఊరిని దులిపేసే మనిషి, ఆ రోజు బోరింగు కొడుతున్న తన చేయి ఆపలేదు. చివరికి ఆమె బిందె ఎత్తుకుని పోయింది.

దసరా దాటిన మూడో రోజు గిరి లారీ పిలిపించాడు. లారీ చిన్నది, సగం మందే పట్టింది. వ్యాపారి కండపట్టిన గొర్రెలను ఏరుకుని, మిగతావాటికి వచ్చే వారం వస్తానన్నాడు. సుంకప్ప మాట తప్పలేదు, అడ్డం రాలేదు. లోపల గోడకు తిరిగి కూర్చున్నాడు. లారీ కదిలాక మిగిలినవి అరుస్తూనే ఉన్నాయి. తల్లి పోయిన పిల్లలు కొన్ని, పిల్ల పోయిన తల్లులు కొన్ని. రామాంజినమ్మ వాటి మధ్య నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

మర్నాడు పొద్దున సుబ్బలక్ష్మమ్మ వాకిట్లోకి వచ్చింది. రమ్మనలేదు, పొమ్మనలేదు, ఒడిలో ఉన్నవి తీసి అరుగు మీద పెట్టింది. అప్పుడే పీకిన వేరుశనగ చెట్లు మూడు, వేళ్ళకు ఎర్రమన్ను, గుత్తులుగా కాయలు. ఒక కొర్ర వెన్ను కూడా ఉంది, జానెడుకు పైగా.

సుంకప్ప ఒక చెట్టు ఎత్తి పట్టుకున్నాడు. "యాడివి ఇవి?"

"గుట్ట ఎనకవి. ముప్పై దినాలు వాన లేకున్నా వాడలేదన్నా. తవ్వితే కింద మన్ను చల్లగా ఉండాది. నువ్వు మంద తోలుకుపోయిన పొద్దునే మడక తోలించినా. పున్నమి దాకా ఆగలేదు. కంది పెట్టినా, కొర్ర పెట్టినా. నువ్వు చెప్పినవన్నీ చేసినా."

"మరి..." సుంకప్ప చెట్టు వేళ్ళ మన్ను నలిపి చూశాడు. "మరి చెప్పల్ల గదమ్మా."

"కబురు పంపినా, రాలేదు. బోరింగు కాడ చెప్పబోతి. నువ్వు చెప్పనిస్తివా?"

రొప్పంలో సగం చోటు ఖాళీగా ఉంది. అన్నం గంప దించి ఆయన తిట్లన్నీ వింటూ కూర్చున్న మనిషి ఆమె. ఊరు మొత్తానికి తన మాట విన్నది ఆమె ఒక్కతే. ఆమె మాట విననిది తానొక్కడే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన ఆ చెట్టును పట్టుకుని నిలబడ్డాడు. తిట్టడానికి ఈసారి ఎదుట ఎవరూ దొరకలేదు.

"గిరీ," అన్నాడు తల ఎత్తకుండా. "వచ్చే వారం లారీ వద్దని చెప్పు."

పనికి బయల్దేరబోతున్న గిరి అరుగు మీది కాయలను చూశాడు, తండ్రిని చూశాడు. "సరే నాయనా" అన్నాడు.

సుబ్బలక్ష్మమ్మ లేచింది. ఇంకా ఏదో చెప్పాలని ఆగింది, అలవాటు కొద్దీ ఊరుకుని కొంగు దోపుకుంది. సుంకప్ప నోరు తెరిచి, మూసుకుని, అరుగు మీది మన్ను చేత్తో తుడిచాడు.

"కూచోమ్మా," అన్నాడు. "చెప్పు. వింటాండా."