అమ్మోరు తిన్న టాకో

అరకులో మెక్సికన్ వంటల హోటల్ తెరిచిన మొదటి సాయంత్రం నేనూ నా భార్యా వెళ్లాం. యజమానురాలు పక్క ఊరి గిరిజన అమ్మాయి, విశాఖలో వంట నేర్చుకుని వచ్చింది. పొయ్యి దగ్గర వాళ్లమ్మ సాయం చేస్తోంది. టాకో అంటే మొక్కజొన్న రొట్టెలో కోడికూర పెట్టి మడిచేది. వాసనకే అందరికీ నోరూరింది.

మొదటి పళ్లెం బయటికి వస్తుండగా తల్లి అడ్డం నిలబడింది.

"ఏటి సేత్తన్నావు గుంటా? ఇది ఈ యేటి మొక్కజొన్న కాదా? అమ్మోరికి కొత్త పెట్టకుండా జనానికి పెట్టేత్తావా?"

కొండల్లో కొత్త పంట ముందు దేవతకు పెట్టాలి, తర్వాతే మనుషులు ముట్టాలి. తొందరలో కూతురు ఆ మాటే మరిచింది. ఆలస్యమై వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోతే మొదటిరోజే హోటల్ పరువు పోతుంది.

"అమ్మోరు టాకో తింటాదేటమ్మా?" అంది ఏడుపు గొంతుతో.

"నువ్వు పెడితే ఎందుకు తినదే?"

తల్లి ఒక టాకోను ఆకులో పెట్టుకుని పెరట్లోకి నడిచింది. మేమంతా చెప్పులు విడిచి వెనకాలే వెళ్లాం. ఆమె అక్కడ అమ్మోరుగా నిలిపిన రాయిని కడిగి, దాని ముందు టాకో పెట్టి నీళ్లు చల్లింది.

"అమ్మోరికి కారం సరిపోద్దా?" అని ఎవరో అడిగారు. మొక్కుతున్న తల్లే ముందు నవ్వేసింది.

"సాల్లే, బేగి పదండి, సల్లారిపోతాది!"

అందరం పరుగెత్తాం. ఎవరి బల్ల ఏదో ఎవరూ చూసుకోలేదు. నేను తిన్న మొదటి టాకో ఎవరు ఆర్డర్ ఇచ్చినదో నాకిప్పటికీ తెలియదు.