ఎండ మడి కోసం ఆడిన బేరం

అమెరికా వచ్చిన కొత్తలో, బేరం ఆడకుండా ఏ వస్తువు కొన్నా నాకు అది దొంగసొత్తులా అనిపించేది. తెనాలిలో మాది బట్టల కొట్టు, ఎదురుగా మా మేనమామది స్టీలు సామాన్ల కొట్టు, ఆ పక్కనే పెదనాన్నది చెప్పుల షాపు. అక్షరాలకన్నా ముందు నేను నేర్చుకున్న పాఠం, నచ్చిన వస్తువు వైపు చూడకూడదని. చీర నచ్చితే దుప్పట్లు చూడాలి. "ఇంతేనా, ఇంకేం లేవా?" అని పెదవి విరవాలి. మరీ నచ్చితే లేచి మెట్లు దిగిపోవాలి. చివరి మెట్టు దిగేలోగా వెనకనుంచి "రండి బాబూ, రండి, మీ మాటే కానివ్వండి" అని పిలుపు వస్తుంది. ఇంత విద్య మూటగట్టుకుని కాపెల్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి దిగితే, ఇక్కడ అన్నిటికీ ధర అచ్చు వేసి అంటించేశారు. (ఒక పెద్ద షాపులో పరుపు ధర తగ్గించమని పట్టుబడితే, ఎండదెబ్బ తగిలిందేమోనని ఆ సేల్స్‌మన్ నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.)

అలాంటి కరువు రోజుల్లో, ఇంటికి దగ్గర్లోనే ఊరివాళ్ళందరూ కూరగాయలు పెంచుకునే కమ్యూనిటీ గార్డెన్ ఉందని తెలిసి, టమాటాల కోసం ఒక మడి తీసుకున్నాను. నాకిచ్చిన మడి పనిముట్ల షెడ్డు పక్కన ఉంది. మధ్యాహ్నం దాటితే దానిమీద నీడ. పక్క మడికి మాత్రం పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా ఎండే. అది వరంగల్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఒక అంకుల్‌ది. ఎప్పుడు చూసినా చేతిలో నీళ్ళ గొట్టంతో కనబడేవారు కాబట్టి, ఆయనకి గొట్టం అంకుల్ అని నాలో నేనే పేరు పెట్టుకున్నాను. నా దృష్టిలో ఆయన మడి మెయిన్ బజార్లో మూలకొట్టు లాంటిది, నాది సందు చివర షాపు. ఎలాగైనా మార్చుకోవాలి. ఒక శనివారం పొద్దున్నే వెళ్ళి, ఆయన మడి వైపు కన్నెత్తి చూడకుండా, నా నీడని పొగడటం మొదలుపెట్టాను. ఇక్కడ నిలబడితే ఎంత హాయో, మీ వయసులో ఆ ఎండ నడినెత్తి మీద పడితే బీపీ ఎంత ప్రమాదమో... ఆయన గొట్టం కింద పెట్టి, "ఎండ మడి కావాల్నా నీకు? తీస్కో బాబూ. గింతదానికి నా బీపీ ఎందుకు?" అన్నారు. గెలిచానన్న సంతోషం ఇంటికి వచ్చేలోపే ఆవిరైపోయింది. అంత తేలిగ్గా ఇచ్చేశాడంటే సరుకులో ఏదో లోపం ఉండే ఉంటుందని సాయంత్రమంతా మథనపడ్డాను.

మార్చి చివర చలి పూర్తిగా పోయాక నారు నాటుతుంటే, అంకుల్ కూతురు వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. మోకాళ్ళ దాకా మట్టితో, వాళ్ళమ్మ పాత కాటన్ చీరలు చంకన పెట్టుకుని వచ్చి, "హాయ్! మీరే కదా మా డాడీ దగ్గర సన్ అంతా తీసుకున్నారు?" అని నవ్వింది. ఇంకేముంది, ఆ నవ్వు చూశాక నా కొట్టు మూతపడ్డట్టే అయింది. మొదటి కాపు చేతికొచ్చేలోగా ఎలాగైనా ఆమెని కాఫీకి రమ్మని అడగాలనుకున్నాను. కాఫీ తరవాత సంగతులు కూడా చాలా దూరమే ఆలోచించాను. కానీ పెంపకం ఎక్కడికి పోతుంది? ఆమె వచ్చిన ప్రతి శనివారం నేను అవతలి మడిలో ఎవరివో బెండమొక్కల్ని తదేకంగా పరీక్షిస్తూ నిలబడేవాణ్ణి. నా రూమ్మేట్ తల కొట్టుకునేవాడు. "ఒరేయ్, ఆ బెండకాయల్ని పెళ్ళి చేసుకుంటావా ఏంట్రా? వెళ్ళి అడుగు!" "నీకు తెలీదు, ఊరుకో. ఆత్రం కనబడిందా, మన పని అయిపోయినట్టే" అనేవాణ్ణి.

మే నెలాఖరుకి నా ఎండ మడి విరగకాసింది. సంచీ నిండా కోసిచ్చాను. ఆమె ఒకటి అక్కడే కొరికి, "ఓ మై గాడ్, ఎంత స్వీట్‌గా ఉన్నాయి!" అంది. నేను బెండమొక్కల వైపు చూస్తూ, "మామూలువేలెండి" అన్నాను. అడగాల్సింది ఆ క్షణంలోనే.

జూలైలో అసలు సంగతి తెలిసింది. పూత పూసినట్టే పూసి, పొద్దున చూసేసరికి రాలి మట్టిలో పడి ఉండేది. ఆకులు అప్పడాల్లా చుట్టుకుపోయాయి. నేను దయగా అంటగట్టిన నీడలో, పైన చీరలు కప్పుకుని, అంకుల్ మొక్కలు పచ్చగా ఉన్నాయి. నేను నా మొక్కల్ని పీకబోతుంటే ఆమె పరుగెత్తుకొచ్చింది. "తీసెయ్యొద్దు ప్లీజ్! ఇవి చనిపోలేదు. నైట్ కూడా ఇంత హాట్‌గా ఉంటే పువ్వు నిలబడదు, అంతే. సగానికి కట్ చేసి, షేడ్ పెట్టి, వాటర్ చేస్తే, చల్లబడ్డాక మళ్ళీ కాస్తాయి." మట్టి చేత్తో జుట్టు వెనక్కి తోసుకుంటూ అడిగింది. "ఫాల్‌కి మీరు ఉంటారు కదా?"

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు తెలుసు. తెలిసే, నా లోపలి దుకాణదారుడు లేచి నిలబడ్డాడు. అవతలివాళ్ళకి ఆత్రం కలిగింది, ఇదే అదను, మెట్లు దిగెయ్ అన్నాడు. "చూడాలండీ. ఈ ఎండలో ఏం లాభం? నాకు వేరే పనులున్నాయి" అని కారు వైపు నడిచాను. చాలా నెమ్మదిగా నడిచాను. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. కారు దగ్గర తాళాలు జేబులో లేనట్టు కాసేపు వెతికాను. (చేతిలోనే ఉన్నాయి.) వెనక నీళ్ళ గొట్టం చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పర్వాలేదు, కొందరు షాపువాళ్ళు ఆలస్యంగా పిలుస్తారు అనుకున్నాను. గార్డెన్ వాట్సాప్ గ్రూపులో నా నంబరు ఉండనే ఉంది. ఆగస్టంతా చూశాను. సెప్టెంబరంతా చూశాను.

అక్టోబరులో గాలి చల్లబడ్డాక, ఏదో దారినపోతూ ఆగినట్టు వెళ్ళాను. సగానికి కత్తిరించిన నా మొక్కలు కొత్త కొమ్మలేసి, ఎర్రగా కాసి ఉన్నాయి. పక్కన కర్రలకి వెలిసిపోయిన నీలం కాటన్ చీర మడిచి కట్టి ఉంది. అంకుల్ ఒక్కరే ఉన్నారు. "వచ్చినవా బాబూ! నీ టమాటాలే, తెంపుకొనిపో" అన్నారు.

"ఇవన్నీ ఎవరు చేశారంకుల్?"

"ఎవరేంది, మా బిడ్డనే. అంత దూరం శాంటా క్లారాల జాబ్ వచ్చి పోయేదాక రోజూ నీళ్ళు పోసింది. ఎవరన్న కారు ఆపితే గేటు దిక్కు చూసేది. 'ఆ పిల్లగానికి నువ్వే ఒక్క ఫోన్ కొట్టరాదే?' అన్న నేను. 'ఆయనకి ఇంట్రెస్ట్ లేదు డాడీ, చెప్పే వెళ్ళారు కదా' అన్నది." ఆయన గొట్టం ఇంకో పాదు వైపు తిప్పారు. "ఈడ పుట్టిన పిల్ల బాబూ. మనిషి ఏం చెప్తే అదే అనుకుంటది."

ఆ టమాటాలతో రూమ్మేట్ పచ్చడి చేశాడు. బాగుందా అని అడిగితే, జీవితంలో మొదటిసారి, పెదవి విరవకుండా చాలా బాగుందన్నాను.

ఇప్పుడు నాకు సొంత పెరడుంది. ఇల్లాలి పాత చీరలు అడిగి తీసుకుంటాను. ఏటా జూలైలో మొక్కల్ని సగానికి కత్తిరించి కప్పుతాను, అక్టోబరు దాకా ఆగుతాను. కత్తిరించేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఆ కుర్రవాడు కళ్ళముందు కదులుతాడు. చేతిలో తాళాలు పెట్టుకుని జేబులు వెతుక్కుంటూ, పిలుపు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డవాడు. పాపం, వాణ్ణి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎండలో నిలబడి నేనే నవ్వుకుంటూ పిలుస్తాను: రా బాబూ, వెనక్కి రా. మీ మాటే కానివ్వండి.